పొట్ట పెరిగితే లోపల ఏం జరుగుతోందో ఎలా కనిపెట్టాలి, ఏ పరీక్ష చేయించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు ఒక టేపు సంపాదించండి. టైలర్లు మెడలో వేసుకుని తిరుగుతారే, అదే. లావు గురించి మన ఇళ్ళల్లో మాటలన్నీ కిలోల చుట్టూనే తిరుగుతాయి, "డెబ్బై రెండే కదా, పర్లేదులే" అని సరిపెట్టుకుంటాం. కానీ షుగరు, ఫ్యాటీ లివరు, గుండె జబ్బు, వీటికి మొత్తం బరువుకన్నా దగ్గరి చుట్టం పొట్ట లోపల పేగుల చుట్టూ, లివర్‌లో చేరే కొవ్వు. అది వేయింగ్ మెషిన్‌లో కనపడదు, టేపుకి మాత్రం చాలావరకు దొరుకుతుంది.

కొలిచే పద్ధతి ఇది. పొద్దున్నే, ఏమీ తినకముందు, చొక్కా తీసేసి లేదా పైకెత్తి నిటారుగా నిలబడండి. పక్కన వేళ్ళతో తడిమితే చివరి పక్కటెముక కింది అంచు తగులుతుంది, ఇంకాస్త కిందికి వెళితే తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి, వెనక వైపు కిందికి జారిపోలేదని అద్దంలో చూసుకోండి. మామూలుగా ఊపిరి వదిలి, ఆ వదిలిన చోటే చదవండి. పొట్ట లోపలికి పీల్చకండి, ఈ లెక్క మీకోసమే కదా. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాల్సిన సమయం వచ్చినట్టే. ఇంకో తేలిక లెక్క, నడుము కొలత మీ ఎత్తులో సగం దాటకూడదు. 165 సెంటీమీటర్ల మనిషికి 82 దగ్గర గీత.

ప్యాంటు సైజు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. పదేళ్ళుగా 34 సైజే వేసుకుంటున్నానని చెప్పే మగవాళ్ళు చాలామంది ప్యాంటుని పొట్ట కిందికి దించి కట్టుకుంటారు, బెల్టు పైన పొట్ట వేరేగా ఉంటుంది. చీర కట్టుకునేవాళ్ళదీ ఇదే కథ, లంగా బొందు పొట్ట కిందికి దిగుతూ పోతుంది, బొందు ముడి మాత్రం మారదు.

బీఎంఐ కూడా ఒకసారి లెక్కేసుకోండి, బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే అది. పైన చెప్పిన 72 కిలోల మనిషి ఎత్తు 1.65 మీటర్లు అనుకుంటే 26.4 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు లెక్కలో 30 దాటితేనే ఊబకాయం, కాబట్టి నెట్‌లో దొరికే చాలా కాలిక్యులేటర్లు ఇతన్ని "కొంచెం ఎక్కువ బరువు" అంటాయి. మన దేశంలో డాక్టర్లు వాడే లెక్కలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయమే. ఎందుకీ తేడా అంటే, అదే బరువుకి మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. "చేతులూ కాళ్ళూ సన్నం, పొట్ట ఒక్కటే" అనే మనవాళ్ళు ఆ ఫోటోని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ ఒక్క పొట్టే ప్రమాదం.

ఇది ఎవరో కొందరి సంగతి కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది బీఎంఐ 25 లేదా ఆపైన ఉన్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 24 శాతం.

లోపల జరిగేది

చర్మం కింద కొవ్వు దాచుకోవడానికి ఒంటికి ఒక హద్దు ఉంటుంది, మనకి ఆ హద్దు కాస్త తక్కువ. అది నిండాక మిగిలింది లివర్‌లోకి, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లోకి, పేగుల చుట్టూ చేరుతుంది. అలా కొవ్వు పట్టిన లివర్, షుగరుని అదుపులో ఉంచే ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. రాత్రంతా మీరు ఏమీ తినకపోయినా అది గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, అందుకే కొందరికి రాత్రి ఒక్క చపాతీ తిన్నా పొద్దున ఫాస్టింగ్ షుగర్ 115, 120 ఉంటుంది. అదే లివర్ ఎక్కువైన పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చి బయటికి పంపుతుంది, అవే మీ రిపోర్టులో కనపడే ట్రైగ్లిజరైడ్లు. "నేను నెయ్యి ముట్టను, మాంసం తినను, నాకెందుకు ఇంత ఉన్నాయి" అని అడిగేవాళ్ళకి జవాబు చాలాసార్లు మూడు పూటలా తినే తెల్లన్నంలో, టీలో వేసుకునే పంచదారలో ఉంటుంది. మందు తాగే అలవాటుంటే అది కూడా కలుస్తుంది.

రిపోర్టు చదవడం

మాస్టర్ హెల్త్ చెకప్ పేరుతో నలభై రకాల టెస్టులు అక్కర్లేదు. నడుము కొలత గీత దాటినవాళ్ళు చేయించాల్సినవి ఇవే: ఫాస్టింగ్ షుగరు, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్, లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లతో సహా కంప్లీట్ బ్లడ్ పిక్చర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒక బీపీ. ఫాస్టింగ్ 100 నుంచి 125 మధ్య ఉంటే షుగరు గుమ్మం ముందు నిలబడింది, 126 నుంచి లోపలికి వచ్చినట్టే, ఇంకోసారి చేయించి ఖాయం చేసుకోవాలి. హెచ్‌బీఏ1సీకి ఆ గీతలు 5.7, 6.5. "బార్డర్లో ఉంది, మందులేం అక్కర్లేదన్నారు" అని రిపోర్టు బీరువాలో పెట్టేస్తారు చూడండి, నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే, ఎందుకంటే వెనక్కి తిప్పడానికి ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ దొరకదు.

ఇప్పుడు ఐదు విషయాలు కలిపి చూడండి. నడుము గీత దాటిందా, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన ఉన్నాయా, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్ళకి 40 కన్నా, ఆడవాళ్ళకి 50 కన్నా తక్కువా, బీపీ 130/85 చేరిందా, ఫాస్టింగ్ 100 చేరిందా. ఐదింటిలో ఏ మూడు ఉన్నా దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ "కొంచెమే ఎక్కువ", కలిస్తే మాత్రం గుండెపోటు, పక్షవాతం, షుగరు వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. ల్యాబ్ వాళ్ళు ఈ కలిపి చూడడం చేయరు, ఒక్కో అంకె పక్కన నల్లగా అచ్చేసి ఊరుకుంటారు, కలిపి చూసేది మీరే.

బీపీ దగ్గర ఒక మాట. చెయ్యి లావుగా ఉన్నవాళ్ళకి మామూలు పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ ఉందా అని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. మెట్లెక్కి రాగానే చూపించుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, చూస్తున్నప్పుడు మాట్లాడకండి.

ఫ్యాటీ లివర్‌ని "అందరికీ ఉండేదే" అని వదిలేయకండి

స్కానింగ్‌లో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని రాసి ఉంటే ఇంటిల్లిపాదీ తేలిగ్గా తీసుకుంటారు. చాలామందిలో అది అక్కడే ఆగుతుంది, నిజమే. కానీ కొందరిలో లివర్ వాచి, మెల్లగా గట్టిపడి, పదిహేను ఇరవై ఏళ్ళకి లివర్ పూర్తిగా పాడయ్యే సిరోసిస్ దాకా పోతుంది, ఒక్క చుక్క మందు ముట్టనివాళ్ళకి కూడా. స్కానింగ్‌లో గ్రేడ్ ఎంత ఉందన్నది లివర్ ఎంత గట్టిపడిందో చెప్పదు. దానికి ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, మీ దగ్గర ఉన్న రిపోర్టుతోనే ఫోన్ కాలిక్యులేటర్‌లో వేసుకోవచ్చు.

వయసుని ఏఎస్‌టీ అనే లివర్ ఎంజైముతో హెచ్చించండి, పాత రిపోర్టుల్లో దాని పేరు ఎస్‌జీఓటీ. ఏఎల్‌టీ, అంటే ఎస్‌జీపీటీ, దాని వర్గమూలం తీసుకుని ప్లేట్‌లెట్లతో హెచ్చించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ప్లేట్‌లెట్లు మన ల్యాబుల్లో 1.8 లక్షలు అని వేస్తారు, ఇక్కడ దాన్ని 180 అని తీసుకోవాలి. ఉదాహరణకి 45 ఏళ్ళ మనిషి, ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు. పైన 45 ఇంటూ 48, అంటే 2160. కింద 64కి వర్గమూలం 8, ఇంటూ 180, అంటే 1440. వచ్చింది 1.5. 1.3 కన్నా తక్కువైతే గట్టిపడే ప్రమాదం తక్కువ, 2.67 దాటితే ఆలస్యం చేయకుండా లివర్ డాక్టర్ని కలవాలి, మధ్యలో ఉంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. మన ఉదాహరణ మనిషికి ఎంజైములు "కొంచెమే" ఎక్కువ, అయినా ఫైబ్రోస్కాన్ అవసరం పడింది. 35 ఏళ్ళలోపు వాళ్ళకి ఈ లెక్క సరిగ్గా పనిచేయదు, 65 దాటినవాళ్ళకి 1.3 బదులు 2 చూడాలి.

లివర్ విషయంలో మంచి వార్త కూడా ఉంది. బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, 10 దాటితే గట్టిపడ్డది కూడా చాలామందిలో మెత్తబడుతుంది. 80 కిలోల మనిషికి 5 శాతం అంటే నాలుగు కిలోలు, అంతే. మార్కెట్లో దొరికే "లివర్ డీటాక్స్" పొడులు, పసరు మందులు మాత్రం దయచేసి ముట్టొద్దు, వాటిలో కొన్ని లివర్‌ని దెబ్బతీసి ఆస్పత్రి పాలు చేస్తాయి.

ఒంటి మీద కనపడే గుర్తులు

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, కాస్త దళసరిగా, ముట్టుకుంటే మఖమల్‌లా ఉంటే అది మురికి కాదు. ఇన్సులిన్ పనిచేయక ఒంట్లో ఎక్కువైపోతోందని చర్మం చెప్పే మాట అది. పిల్లల మెడ మీద ఆ నలుపు చూసి శనగపిండి పెట్టి, నిమ్మచెక్కతో రుద్ది రుద్ది మంట పుట్టిస్తారు పాపం. రుద్దడం ఆపి షుగరు టెస్టు చేయించండి. మెడ చుట్టూ చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతుంటే కూడా అంతే.

గురక గురించి ఇంకాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని మనం గాఢనిద్ర అనుకుంటాం. మెడ చుట్టూ, నాలుక దగ్గర కొవ్వు చేరినవాళ్ళకి నిద్రలో గొంతు దారి మూసుకుపోతుంది. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి నిశ్శబ్దం, పది ఇరవై సెకన్లు ఊపిరి ఉండదు, తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఒక పెద్ద గుటక, మళ్ళీ గురక. గంటకి ఇలా 15 సార్లు దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంటారు. ఆ మనిషికి ఇదేమీ తెలియదు, పక్కన పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది. కాబట్టి పక్కవాళ్ళు చేయాల్సిన పని, అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో కొన్ని నిమిషాలు వీడియో తీయండి, ఛాతీ కదలడం, శబ్దం రెండూ తెలిసేలా. నిద్ర పరీక్ష ఎందుకు కావాలో డాక్టరుకి చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. దీంతోపాటు పొద్దున లేవగానే తలనొప్పి, రాత్రి రెండు మూడుసార్లు ఒంటేలుకి లేవడం, మూడు రకాల మాత్రలు వేసినా దిగని బీపీ, మధ్యాహ్నం మీటింగులో కునుకు, ఇవి ఉంటే అనుమానం బలపడుతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆపితే కళ్ళు మూతలు పడుతున్నాయంటే, హైదరాబాద్ నుంచి విజయవాడ కారు తోలుకెళ్ళే ఆలోచన పరీక్ష అయ్యేదాకా మానుకోండి.

ఇలా నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళకి పెట్టే సీపాప్ అనే మెషిన్ పేరు వినగానే "నాకు ఆక్సిజన్ పెట్టే స్థితి వచ్చిందా" అని భయపడతారు. అది ఆక్సిజన్ కాదు, గాలిని కొంచెం ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా, చిన్నదైనా సరే, మత్తు డాక్టరుకి గురక సంగతి ముందే చెప్పండి.

ఆడవాళ్ళ విషయంలో

నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, గడ్డం మీద వెంట్రుకలు, పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల్లాంటివి) అని స్కానింగ్ రిపోర్టు. ఇవి ఉన్న అమ్మాయికి "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అనే సలహా ఇవ్వకండి. బరువు 5 శాతం తగ్గితే చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. నెలలు తరబడి రాకపోవడం మాత్రం మంచిది కాదు, గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది, అది మున్ముందు క్యాన్సర్‌కి దారి తీయవచ్చు. అలాగే నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క ఎరుపు కనపడినా వేడి చేసిందని ఊరుకోకండి, ఆ వారంలోనే చూపించుకోండి. గర్భం దాల్చేముందు బరువు ఎక్కువుంటే గర్భంలో షుగరు, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ, కాన్పు అయ్యాక షుగరు పోయినా ఆరు నుంచి పన్నెండు వారాల్లో మళ్ళీ టెస్టు చేయించుకోవాలి, ఇది దాదాపు అందరూ మర్చిపోతారు.

బరువుతో వచ్చే మిగతా జబ్బులు క్లుప్తంగా. మోకాళ్ళ అరుగుదల, తగ్గే ప్రతి కిలోకి నడిచేటప్పుడు మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. గాల్ బ్లాడర్‌లో రాళ్ళు, ఇవి మరీ వేగంగా బరువు తగ్గినవాళ్ళకి కూడా వస్తాయి. కీళ్ళు వాచి నొప్పి పుట్టే గౌట్, కిడ్నీ దెబ్బతినడం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో 13 రకాల క్యాన్సర్లకి ఒంటి కొవ్వుతో సంబంధం ఉందని తేల్చింది, పెద్దపేగు, లివర్, గర్భసంచి, నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్ అందులో ఉన్నాయి. థైరాయిడ్ వల్లే లావయ్యానని అనుకునేవాళ్ళు టెస్టు చేయించుకోవాలి, కానీ దానివల్ల పెరిగేది మామూలుగా రెండు మూడు నుంచి ఐదు కిలోలు, అందులోనూ నీరే ఎక్కువ. మోకాళ్ళ నొప్పులకని పేరు తెలియని మాత్రలు వాడేవాళ్ళు మాత్రం వాటిలో స్టెరాయిడ్ ఉందేమో తప్పకుండా కనుక్కోండి, ముఖం ఉబ్బి పొట్ట పెరగడానికి అదొక కారణం. అవి చాన్నాళ్ళుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

మన వంటింట్లో ఎక్కడ మొదలుపెట్టాలి

నూనె దగ్గర. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్ల క్యాను అయిపోతోందంటే మనిషికి రోజుకి దాదాపు 42 మిల్లీలీటర్లు, అంటే 38 గ్రాములు, దాదాపు 345 కేలరీలు ఒక్క నూనెలోనే. దాన్ని మూడు లీటర్లకి దించితే మనిషికి రోజుకి 135 కేలరీల పైన తగ్గిపోతాయి, కంచంలో ఒక్క మెతుకు తీయకుండానే. నెల మొదట్లో మూడు లీటర్లు తెచ్చి, అయిపోతే మళ్ళీ కొనేది లేదని ఇంట్లో అందరూ అనుకోవడమే సులువైన మార్గం, చెంచాలతో కొలవడం ఎన్నాళ్ళో సాగదు. తర్వాత టీ. రోజుకి నాలుగు టీలు, రెండేసి చెంచాలు, మొత్తం 40 గ్రాముల పంచదార, 160 కేలరీలు.

అన్నం మానేయమని నేను చెప్పను, మానేసినవాళ్ళు మళ్ళీ రెండు నెలలకి రెట్టింపు తినడం చూస్తూనే ఉన్నాం. వడ్డించే వరస మార్చండి. ముందు కూర, పప్పు, గుడ్డో చేపో కంచంలో సగానికి పైగా, తర్వాత అన్నం ఒకసారి, మారు వడ్డన లేదు. జొన్న రొట్టెలూ కొర్రన్నమూ మంచివే, కానీ అవి కూడా పిండిపదార్థమే, ఎన్నయినా తినొచ్చనుకుంటే ఫలితం ఉండదు. రాత్రి భోజనం పదింటికి కాకుండా ఎనిమిది లోపల, తిన్నాక పది పదిహేను నిమిషాలు నడక. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, బరువులో 7 శాతం తగ్గడం, ఈ రెండూ లక్ష్యంగా అమెరికాలో చేసి 2002లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. చెన్నైలో జరిగి 2006లో వచ్చిన మన దేశపు అధ్యయనంలో ఆహారం, నడక మార్పులతో 28.5 శాతం తగ్గింది. నడకతోపాటు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం లాంటివి వారంలో రెండు మూడు రోజులు చేయండి, కండ లేకపోతే తిన్న గ్లూకోజ్‌కి పోవడానికి చోటుండదు.

ఇప్పటికే షుగరుకి గ్లిమిపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు, డాక్టరుతో మాట్లాడకుండా తిండి తగ్గించకండి. మందు అంతే ఉండి అన్నం సగమైతే షుగరు పడిపోయి చెమటలు పట్టి కింద పడతారు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి చాలామంది అడుగుతున్నారు. 2025 మార్చిలో మౌంజారో, అదే ఏడాది జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. బరువు బాగానే తగ్గిస్తాయి, ఆపితే చాలావరకు మళ్ళీ పెరుగుతుంది, వాంతులు, మలబద్ధకం మామూలు. బరువు చాలా ఎక్కువై దానివల్ల జబ్బులు మొదలైనవాళ్ళకి ఇవీ, బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషనూ నిజంగా ప్రాణం నిలిపే వైద్యాలు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పెళ్ళిలో ఫోటోల కోసం తెలిసినవాళ్ళ చేత తెప్పించుకుని పొడుచుకోవడం మాత్రం వద్దు.

ఒక్కటి ఇంట్లోవాళ్ళకి. ఫంక్షన్‌లో పదిమంది ముందు "ఏంటే ఇంత ఒళ్ళు చేశావు" అనడం వల్ల ఎవరూ తగ్గలేదు, ఆ మాట పడ్డ పిల్ల గది తలుపేసుకుని తింటుంది, డాక్టరు దగ్గరికి రావడానికే భయపడుతుంది. సాయం చేయాలనుంటే ఆమెతోపాటు సాయంత్రం నడవండి, ఇంటికి నూనె తక్కువ తెండి.

ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఇవి వస్తే గ్యాసేమో అని సోడా తాగుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

మొదలుపెట్టాక టేపు నెలకోసారి చాలు, అదే చోట, అదే పొద్దున పూట. బరువు వారానికి అరకిలో నుంచి కిలో లోపు తగ్గితే సరైన దారి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకి ముందు చేయించి డబ్బులు వృథా చేసుకోకండి, అది గడిచిన మూడు నెలల సగటునే చూపిస్తుంది. లివర్ ఎంజైములు ఆరు నెలలకి మళ్ళీ చేయించి, ఫిబ్-4 మళ్ళీ లెక్కేసి, పాత అంకె పక్కనే కొత్తది రాసి ఆ కాగితాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.